వేడికి లెక్క కట్టిన బ్రూవరీ కుర్రాడు

ఆన్‌లైన్ టెస్ట్ రాస్తుంటారు. ఇంకో ఇరవై నిమిషాలే టైముంది. ఫోన్ చేతిలో పెనంలా కాలుతుంటుంది. స్క్రీన్ వెలుతురు దానంతటదే తగ్గిపోతుంది. నెక్స్ట్ నొక్కితే ప్రశ్న రావడానికి యుగం పడుతుంది. బ్యాటరీ అయిపోతోందని ఛార్జర్ పెడితే ఇంకాస్త వేడెక్కుతుంది. అప్పుడు ఫోన్ కంపెనీని, యాప్‌ని, ఎండాకాలాన్ని వరసబెట్టి తిట్టుకుంటాం.

ఆ వేడికి ఒక లెక్క ఉంది. తీగలో ఎంత కరెంట్ పోతే ఎంత వేడి పుడుతుందో 1840లోనే ఒక 21 ఏళ్ల కుర్రాడు తేల్చేశాడు. అప్పటికి ఫోన్ సంగతి దేవుడెరుగు, ఇళ్లలో బల్బు లేదు, గోడకి ప్లగ్ పాయింట్ లేదు. అతను ఏ యూనివర్సిటీలోనూ చదవలేదు. పగలు నాన్నగారి బీరు ఫ్యాక్టరీలో పని, మిగతా టైమంతా ప్రయోగాలు. పేరు జేమ్స్ ప్రెస్కాట్ జూల్. ఆ పేరు మీకు కొత్తేం కాదు. ఇంటర్ నుంచీ ప్రతి లెక్క చివరా రాస్తూనే ఉన్నారు, యూనిట్ వేయకపోతే అర మార్కు పోతుందన్న భయంతో. ఆ యూనిట్ వెనకున్న మనిషి సంగతి మాత్రం సిలబస్‌లో ఉండదు. అతని జీవితంలో ఒక పెద్ద ఫెయిల్యూర్ ఉంది, దాన్ని అతను ఏం చేశాడన్నదే అసలు కథ.

ఇంట్లోనే చదువు, ఇంట్లోనే షాకులు

జూల్ 1818 డిసెంబర్ 24న ఇంగ్లండ్‌లో, మాంచెస్టర్‌ని ఆనుకుని ఉన్న సాల్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి బెంజమిన్ బాగా కలిగినవాడు, సొంత బ్రూవరీ ఉంది. జూల్‌కి చిన్నప్పటి నుంచి వెన్నెముకలో లోపం. బడికి పంపకుండా ఇంట్లోనే ట్యూటర్లను పెట్టి చదివించారు. మనిషి బిడియస్తుడు, నలుగురిలో గొంతు పెగిలేది కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

1834లో తండ్రి జూల్‌నీ, అన్ననీ ఒక పెద్దాయన దగ్గరికి పంపాడు. ఆయన జాన్ డాల్టన్. అవును, కెమిస్ట్రీ పుస్తకం మొదట్లోనే కనిపించే, పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టనే. అంతటి మనిషి దగ్గర చేరితే తిన్నగా అణువుల గురించి చెబుతారనుకుంటాం కదా? ఆయన మొదలుపెట్టించింది అంకగణితం, జ్యామితి. రెండేళ్లకు పైగా సాగిన ఆ చదువు 1837లో డాల్టన్‌కి పక్షవాతం రావడంతో ఆగిపోయింది. కొలవకుండా ఏదీ నమ్మొద్దన్న అలవాటు మాత్రం జూల్‌కి జీవితాంతం ఉండిపోయింది.

ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ కరెంట్ పిచ్చి. ఒకరికొకరు షాకులు ఇచ్చుకునేవాళ్లు, ఇంట్లో పనివాళ్లకీ ఇచ్చేవాళ్లు. పాపం ఆ పనివాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

ఇక్కడ ఒక మాట. డిగ్రీ లేకుండా సైంటిస్ట్ అయిపోయాడని దీన్నొక మోటివేషన్ రీల్ చేసేయకండి. జూల్‌కి డిగ్రీ లేదు కానీ తండ్రి డబ్బుంది. ఇంట్లోనే ప్రయోగశాల కట్టించి ఇచ్చారు. నెల తిరిగేసరికి జీతం రావాలన్న బాధ లేదు. మనలో చాలామందికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి అతని దగ్గర్నుంచి చూడాల్సింది డిగ్రీ లేకపోవడాన్ని కాదు, ప్రయోగం తిరగబడినప్పుడు అతను ఏం చేశాడన్నదాన్ని.

ఫ్రీ కరెంట్ కల

బ్రూవరీలో పంపులు తిప్పడానికి స్టీమ్ ఇంజిన్లుంటాయి. వాటికి బొగ్గు కావాలి, బొగ్గుకి డబ్బు కావాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎలక్ట్రిక్ మోటార్ కొత్తగా వచ్చింది. స్టీమ్ ఇంజిన్లు తీసేసి మోటార్లు పెడితే ఎలా ఉంటుంది? 19 ఏళ్ల జూల్‌ని పట్టిన ఆలోచన ఇదే. 1838లో తను తయారు చేసిన మోటార్ గురించి మొదటి పేపర్ అచ్చయింది.

అప్పట్లో మోటార్ మీద జనానికి అంతులేని ఆశలుండేవి. కరెంట్‌ని రెట్టింపు చేస్తే అయస్కాంతాల మధ్య లాగుడు నాలుగింతలు అవుతుంది. అలా పెంచుకుంటూ పోతే కొంచెం పెట్టుబడితో అంతులేని శక్తి దొరుకుతుందని అనుకున్నవాళ్లలో యువ జూల్ కూడా ఉన్నాడు.

నవ్వొస్తోందా? మీ ఫోన్ తెరిచి వెతకండి. ఒక ఫ్యాన్ మోటార్‌కి డైనమో తగిలించి, ఆ డైనమో కరెంట్‌తోనే మళ్లీ మోటార్ తిప్పి, మిగిలిన దాంతో బల్బు వెలిగించే వీడియోలు ఇవాళ్టికీ లక్షల వ్యూస్‌తో తిరుగుతున్నాయి. బల్ల కింద దాచిన వైరు కెమెరాకి కనపడదు, అంతే. అది ఎందుకు కుదరదని నన్ను అడిగే స్టూడెంట్స్‌కి నేను చెప్పేది ఒకటే. ఆ కల 180 ఏళ్ల కిందట జూల్ కూడా కన్నాడు. కాకపోతే అతను వీడియో తీయకుండా కొలత తీశాడు.

కొలిస్తే తేలిందేంటి? మోటార్ తిరగడం మొదలుపెట్టగానే అది తన కరెంట్‌ని తానే అడ్డుకుంటోంది. ఇవాళ మనం బ్యాక్ ఇ.ఎం.ఎఫ్. అని చదువుకునేది అదే. వేగం పెరిగేకొద్దీ కరెంట్ తగ్గిపోతోంది. ఇక ఖర్చు సంగతి. అప్పట్లో కరెంట్ అంటే బ్యాటరీ నుంచే. బ్యాటరీలో జింక్ కరిగిపోతూ ఉంటుంది. అంటే ఇంజిన్‌కి బొగ్గు ఎలాగో మోటార్‌కి జింక్ అలాగ. జూల్ రెంటినీ పక్కపక్కన పెట్టి లెక్కేశాడు. ఆ కాలపు మేలైన కార్నిష్ స్టీమ్ ఇంజిన్ ఒక పౌండు బొగ్గుతో 15 లక్షల పౌండ్ల బరువుని ఒక అడుగు ఎత్తుకి లేపుతుంది. తన మోటార్ ఒక పౌండు జింక్‌తో చేయగలిగిన పని అందులో ఐదో వంతు దగ్గరే ఆగిపోయింది. పైగా జింక్ ధర బొగ్గు కంటే చాలా ఎక్కువ.

1841 నాటికి విషయం తేలిపోయింది. బ్రూవరీకి మోటార్ దండగ. మూడేళ్ల ప్రాజెక్ట్ ఫ్లాప్.

మనమైతే ఏం చేస్తాం? ఫైనలియర్ ప్రాజెక్ట్ పని చేయకపోతే రీడింగ్స్ అటూ ఇటూ సర్ది రికార్డ్ సబ్మిట్ చేసేస్తాం. జూల్ ఆ ఫ్లాప్ లెక్కల్ని ఉన్నదున్నట్టు జనం ముందు చెప్పాడు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న పట్టుకున్నాడు. జింక్ ఇచ్చిన శక్తంతా పనిగా మారలేదు సరే, మిగతాది ఎటు పోయింది? తీగలు వేడెక్కుతున్నాయి. ఆ వేడి సంగతేంటి?

మీ ఛార్జింగ్ కేబుల్ వెనకున్న సూత్రం

నిజానికి తీగల వేడిని కొలవడం అతను 1840లోనే మొదలుపెట్టాడు. ఒక తీగని గాజు గొట్టానికి చుట్టి, నీళ్లలో ముంచి, కరెంట్ పంపి, నీళ్లు ఎంత వేడెక్కాయో థర్మామీటర్‌తో చూశాడు. తీగ మార్చాడు, కరెంట్ మార్చాడు, మళ్లీ చూశాడు. తేలింది ఇది: పుట్టే వేడి తీగ రెసిస్టెన్స్‌ని బట్టి ఉంటుంది, కరెంట్ వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంట్ రెండింతలైతే వేడి నాలుగింతలు. మూడింతలైతే తొమ్మిదింతలు.

ఈ ఒక్క వాక్యం మీ రోజువారీ చిరాకుల్లో ఎన్నిటికి సమాధానమో చూడండి.

18 వాట్ల ఛార్జర్ ఉందనుకుందాం. 5 వోల్టుల దగ్గర ఆ 18 వాట్లు పంపాలంటే కేబుల్‌లో 3.6 ఆంపియర్లు పారాలి. అదే 9 వోల్టులకి పెంచితే 2 ఆంపియర్లు చాలు. కరెంట్ సగానికి దగ్గరగా తగ్గింది, కేబుల్‌లో పుట్టే వేడి మాత్రం మూడో వంతు కంటే కిందికి పడిపోయింది. ఫాస్ట్ ఛార్జర్లు చాలావరకు వోల్టేజ్ పెంచడం వెనక కిటుకు ఇదే. రోడ్డు పక్కన కొన్న సన్నటి కేబుల్ ఎందుకు కాలుతుంది? లోపల రాగి తక్కువ, రెసిస్టెన్స్ ఎక్కువ. పాత ఫోన్ 20 శాతం చూపిస్తూనే టక్కున ఎందుకు ఆగిపోతుంది? బ్యాటరీ ముసలిదయ్యేకొద్దీ దాని లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. కెమెరా తెరవగానే కరెంట్ ఒక్కసారిగా లాగుతుంది, వోల్టేజ్ పడిపోతుంది, ఫోన్ చేతులెత్తేస్తుంది. అదే రెసిస్టెన్స్ ఛార్జింగ్ పెట్టినప్పుడు వేడి పుట్టిస్తుంది.

ఊరి బయట పొలాల మీదుగా పోయే పెద్ద టవర్ లైన్లు 400 కిలోవోల్టులవి ఎందుకు? అదీ ఇదే లెక్క. వోల్టేజ్ పెంచి కరెంట్ తగ్గిస్తే దారిలో వేడిగా పోయేది తగ్గుతుంది. ట్రాన్స్‌కో, జెన్‌కో ఉద్యోగాలకి ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఈ ప్రశ్న ఎన్నిసార్లు చూసుంటారో నాకు తెలుసు. ఫార్ములా చెప్పి ఊరుకోకుండా మీ చేతిలో ఉన్న ఛార్జర్‌తో మొదలుపెట్టి చెప్పి చూడండి, ఇంటర్వ్యూ బోర్డు తల పైకెత్తుతుంది.

ఇంత పనికొచ్చే ఫలితాన్ని జూల్ 1840 డిసెంబర్‌లో లండన్‌లోని రాయల్ సొసైటీకి పంపాడు. వాళ్లు చిన్న సారాంశం మాత్రం వేసి వదిలేశారు. పూర్తి పేపర్ మరుసటి ఏడాది వేరే పత్రికలో వచ్చింది. అతనికి ఇది మొదటిసారి మాత్రమే. 1844లో గాలిని నొక్కితే పుట్టే వేడి మీద రాసిన ఇంకో పెద్ద పేపర్‌కీ అక్కడ అదే మర్యాద జరిగింది. మధ్యాహ్నమే పెద్ద భోజనం కానిచ్చేసే ఊరి నుంచి ఏం గొప్ప పని వస్తుందిలే అని లండన్ పెద్దమనుషులు అనుకుని ఉంటారని, పెద్దయ్యాక జూల్ ఈ సంగతి నవ్వుతూ చెప్పుకునేవాడట. టైర్-త్రీ కాలేజీ అన్న మాట విన్న ప్రతి ఒక్కరికీ ఆ నవ్వు అర్థమవుతుంది.

వేడి అంటే ఒక వస్తువా?

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. అప్పటి పండితుల్లో ఎక్కువమంది దృష్టిలో వేడి అంటే కంటికి కనపడని ఒక ద్రవం. పేరు కెలోరిక్. వేడి వస్తువులో ఎక్కువుంటుంది, చల్లటి దాంట్లోకి పారుతుంది, కొత్తగా పుట్టదు, నశించదు. బిస్కెట్ ప్యాకెట్ మీద, జిమ్ యాప్‌లో మీరు చూసే కేలరీ అనే మాట ఆ కాలం నుంచే మిగిలిపోయింది. అంతకు ముందు 1798లోనే రమ్‌ఫర్డ్ అనే ఆయన ఫిరంగి గొట్టాలకు రంధ్రం తొలిచేటప్పుడు వేడి ఎంతసేపైనా పుడుతూనే ఉందని చూపించి దీన్ని ప్రశ్నించాడు. అయినా పాత నమ్మకం కదల్లేదు.

జూల్ అడిగిన ప్రశ్న చిన్నది. డైనమోని చేత్తో తిప్పితే కరెంట్ వస్తుంది, ఆ కరెంట్‌తో తీగ వేడెక్కుతుంది. ఈ వేడి ఎక్కడి నుంచి పారి వచ్చింది? డైనమోలో ఏ భాగమూ చల్లబడలేదే! అంటే వేడి ఎక్కడి నుంచో రాలేదు, తిప్పిన చేతి కష్టమే వేడిగా మారింది. మారితే దానికో రేటుండాలి, రూపాయికీ డాలర్‌కీ ఉన్నట్టు. ఇంత పనికి ఇంత వేడి అని. పైగా రూపాయి రేటులా రోజుకోలా మారకూడదు.

ఆ రేటు మొదటిసారి కట్టింది 1843లో. నీళ్ల గొట్టంలో చిన్న విద్యుదయస్కాంతాన్ని పెట్టి, కిందికి జారే బరువులతో తిప్పి, నీళ్ల వేడి కొలిచాడు. ఒక పౌండు నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ పెంచాలంటే 838 పౌండ్ల బరువు ఒక అడుగు దిగినంత పని కావాలని తేలింది. ఆ ఆగస్టులో ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో బ్రిటిష్ అసోసియేషన్ సభలో చదివాడు. హాల్లో చప్పుడు లేదు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ మెచ్చలేదు. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ అయ్యాక కబురు చేస్తాం అంటారు చూడండి, అలాంటి నిశ్శబ్దం.

ఇంటికొచ్చి మళ్లీ కొలిచాడు, ఈసారి వేరే పద్ధతిలో.

కవ్వంతో చిలికిన ఫిజిక్స్

ఇడ్లీ పిండిని మిక్సీలో రుబ్బితే వేడెక్కుతుందని మీ ఇంట్లో చల్లటి నీళ్లు పోస్తుంటారు, గమనించారా? 750 వాట్ల మిక్సీ పూర్తి లోడ్ మీద ఒక్క నిమిషం తిరిగితే 45,000 జూళ్లు. అందులో సగం పిండిలోకి చేరినా కిలో పిండి ఐదు డిగ్రీలు వేడెక్కుతుంది. కింద మంట లేదు, స్టవ్ లేదు, వట్టి తిప్పడమే.

జూల్ ప్రయోగం దాదాపు ఇదే. రాగి పాత్రలో సుమారు 6 కిలోల నీళ్లు. అందులో మన కవ్వం లాంటి ఇత్తడి తెడ్ల చక్రం. ఇరుసుకి తాడు, తాడు చివర కప్పీల మీదుగా రెండు సీసపు బరువులు, ఒక్కోటి 13 కిలోల పైచిలుకు. బరువులు ఐదడుగుల పైన కిందికి దిగుతుంటే చక్రం తిరుగుతుంది, నీళ్లు చిలకబడతాయి. మళ్లీ బరువుల్ని పైకి లాగాలి, మళ్లీ వదలాలి. ఇలా ఇరవైసార్లు చేస్తే నీళ్లు ఎంత వేడెక్కాయో తెలుసా? అర ఫారన్‌హీట్ డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ. మన లెక్కలో డిగ్రీలో మూడో వంతు కూడా కాదు.

ఇక్కడే ఎదుటివాళ్లకి నమ్మకం కుదర్లేదు. అంత చిన్న తేడాని కొలిచానంటే ఎవరు ఒప్పుకుంటారు? గదిలోకి మనిషి వస్తేనే గాలి వేడెక్కుతుంది. నా ఉద్దేశంలో జూల్ అసలు బలం ఇక్కడే ఉంది, అది ఏ కాలేజీలో రాలేదు, బ్రూవరీలో వచ్చింది. బీరు తయారీ అంటేనే టెంపరేచర్ మీద కాపలా. కాస్త తేడా వస్తే తొట్టెలకి తొట్టెలు సరుకు పాడవుతుంది. థర్మామీటర్ చదవడం అతనికి వృత్తి. దానికి తోడు మాంచెస్టర్‌లో జాన్ డాన్సర్ అనే పరికరాల తయారీదారు అతని కోసం ఫారన్‌హీట్ డిగ్రీలో 200వ వంతు వరకూ చదవగల థర్మామీటర్లు చేసిచ్చాడు. 1850లో అచ్చయిన పెద్ద పేపర్ కోసం నీళ్లతో చేసిన ప్రయోగాన్ని 40 సార్లు తిరిగి చేశాడు. నీళ్లకి బదులు పాదరసం పోసి చూశాడు, ఇనుప పలకల్ని ఒరిపించి చూశాడు. గది గాలి వల్ల పోయే వేడి, కప్పీల ఒరిపిడి, చివరికి ఇనుము రాసుకుంటే వచ్చే చప్పుడులో పోయే శక్తి కూడా లెక్కలోంచి తీసేశాడు.

ప్రతిసారీ అంకె దాదాపు ఒకే చోటికి వచ్చింది: 772.

మన యూనిట్లలో చెప్పుకుందాం. ఇవాళ్టి విలువ ప్రకారం ఒక కిలో నీటిని ఒక సెల్సియస్ డిగ్రీ పెంచాలంటే సుమారు 4,186 జూళ్లు కావాలి. అదే శక్తితో ఆ కిలో నీటిని 427 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్లొచ్చు. ఒక్క డిగ్రీకి! 15 లీటర్ల బకెట్ నీళ్లని 25 నుంచి 45 డిగ్రీలకి హీటర్‌తో కాచుకున్నారనుకోండి, 12 లక్షల జూళ్ల పైనే. అదే బకెట్‌ని చేత్తో పది మీటర్ల ఎత్తుకి, అంటే ఇంచుమించు మూడో అంతస్తుకి, 850 సార్లు మోసినంత పని. కరెంట్ బిల్లులో అది ఒక యూనిట్‌లో మూడో వంతు, ఎందుకంటే యూనిట్ అంటే 36 లక్షల జూళ్లు. ఫ్యాన్ రోజంతా తిరిగినా బిల్లు పెద్దగా కదలదు, గీజర్, ఐరన్ బాక్స్ వేస్తే ఎందుకు ఎగురుతుందో ఇప్పుడు అర్థమైందా? వేడి ఖరీదైన సరుకు. ఇంకోటి: 5,000 ఎం.ఎ.హెచ్. ఫోన్ బ్యాటరీ నిండుగా ఉంటే దాంట్లో సుమారు 70,000 జూళ్లు. దాంతో టీ పెట్టుకుంటే కప్పున్నర నీళ్లు మరుగుతాయి. ఆ కప్పున్నర టీ వేడే రోజంతా కొద్దికొద్దిగా మీ అరచేతిలోకి వస్తోంది, ఎందుకంటే ఫోన్ వాడుకునే కరెంట్‌లో దాదాపు అంతా చివరికి వేడిగానే తేలుతుంది. గేమ్ ఆడితే అదే వేడి గంటల్లో బయటికొస్తుంది. లోపల ఫ్యాన్ లేదు కాబట్టి ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీ టెస్ట్ మధ్యలో ఫోన్ నెమ్మదించింది అందుకే.

ఒక్కడు లేచి అడిగాడు

1847 ఏప్రిల్‌లో జూల్ మాంచెస్టర్‌లోని సెయింట్ ఆన్స్ చర్చికి చెందిన రీడింగ్ రూమ్‌లో మామూలు జనానికి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. శక్తి రూపం మారుతుందే తప్ప నశించదని అందులో విడమరిచి చెప్పాడు. సైన్స్‌లో అంత పెద్ద మాట పూర్తిగా అచ్చయింది ఎక్కడో తెలుసా? ఏ జర్నల్లోనూ కాదు, మాంచెస్టర్ కొరియర్ అనే స్థానిక వార్తాపత్రికలో.

రెండు నెలల తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో మళ్లీ బ్రిటిష్ అసోసియేషన్ సభ. అధ్యక్షుడు ముందే చెప్పేశాడు, టైం లేదు, క్లుప్తంగా ముగించమని. బిడియస్తుడైన జూల్ గబగబా చెప్పేసి కూర్చునేవాడే. మళ్లీ కార్క్ నిశ్శబ్దమే అయ్యేది. కానీ గ్లాస్గో నుంచి వచ్చిన 23 ఏళ్ల ప్రొఫెసర్ ఒకడు ఈ మాటల్లో ఏదో ఉందని పట్టుకున్నాడు, సభలో ఆసక్తి రేపాడు. అతని పేరు విలియం థామ్సన్. తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యాడు, టెంపరేచర్ కొలతకి తన పేరిచ్చాడు. ఒక యూనిట్ ఇంకో యూనిట్‌ని కలిసిందన్నమాట!

థామ్సన్ వెంటనే ఒప్పుకోలేదు. అతని బుర్రలో పాత సిద్ధాంతమే ఉంది. ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. పూర్తిగా దారికి రావడానికి అతనికి ఇంకో మూడు నాలుగేళ్లు పట్టింది. ఈలోపు ఒక సరదా సంగతి జరిగింది. ఆ ఆగస్టులోనే జూల్‌కి అమీలియా గ్రైమ్స్‌తో పెళ్లయింది. కొత్త జంట ఆల్ప్స్ పర్వతాలకు హనీమూన్‌కి వెళ్లింది. అక్కడ దారిలో థామ్సన్ అనుకోకుండా ఎదురుపడ్డాడు. థామ్సన్ పెద్దయ్యాక చెప్పిన ప్రకారం, జూల్ చేతిలో పొడుగాటి థర్మామీటర్ ఉంది. జలపాతం పైన నీళ్ల కంటే కింద నీళ్లు కాస్త వేడిగా ఉండాలి కదా, అది కొలవాలని! లెక్క ప్రకారం 772 అడుగులు పడితే ఒక ఫారన్‌హీట్ డిగ్రీ. నీళ్లు తుంపర్లుగా చెదిరిపోతుంటే కొలత కుదర్లేదు. అమీలియా ఏమనుకుందో ఎవరూ రాసిపెట్టలేదు.

గుర్తింపు మెల్లగా వచ్చింది. ఒకప్పుడు పేపర్లు పక్కన పెట్టిన రాయల్ సొసైటీయే 1850లో అతన్ని ఫెలోగా ఎన్నుకుంది, 1870లో తన అత్యున్నత పురస్కారం కాప్లే మెడల్ ఇచ్చింది. జర్మనీ డాక్టర్ రాబర్ట్ మేయర్ కూడా 1842లోనే ఇదే ఆలోచన ప్రకటించాడు కాబట్టి ఎవరు ముందన్న గొడవ చాలా ఏళ్లు నడిచింది. నన్నడిగితే ఆలోచనలో మేయర్ ముందు, కొలతలో జూల్‌కి సాటి లేరు.

ఇంట్లో మాత్రం దెబ్బ మీద దెబ్బ. 1854లో కాన్పు తర్వాత అమీలియా చనిపోయింది, ఆ బిడ్డా దక్కలేదు. ఇద్దరు చిన్నపిల్లలతో జూల్ మిగిలాడు. బ్రూవరీ కూడా ఆ రోజుల్లోనే చేతులు మారింది. ఆ కాలమంతా థామ్సన్‌తో కలిసి చేస్తున్న పనే అతన్ని నిలబెట్టిందనిపిస్తుంది. నొక్కిపెట్టిన వాయువుని సన్నటి రంధ్రాల గుండా వదిలితే అది చల్లబడుతుందని ఇద్దరూ చూపించారు. మెకానికల్, కెమికల్ వాళ్లని పరీక్షల్లో ఏడిపించే జూల్-థామ్సన్ ఎఫెక్ట్ అదే. గాలిని ద్రవంగా మార్చి ఆక్సిజన్ వేరు చేసే పరిశ్రమ తర్వాత దాని మీదే లేచింది.

ఉద్యోగం? ఒక దశలో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ప్రొఫెసర్ పోస్టు ఖాళీ అయితే జూల్ పేరు వినపడింది. అతని వెన్ను వంకర చూసి ఎంపిక చేసేవాళ్లలో ఒకరు అడ్డు చెప్పారంటారు. ఏ యూనివర్సిటీలోనూ అతను ఎప్పుడూ ఉద్యోగం చేయలేదు. తండ్రి ఇచ్చిన డబ్బు ప్రయోగాలకి కరిగిపోయింది. చివరికి 1878లో ప్రభుత్వం ఏడాదికి 200 పౌండ్ల పెన్షన్ ఇచ్చింది. అదే సంవత్సరం, 60 ఏళ్లు దగ్గర పడుతున్న వయసులో, బ్రిటిష్ అసోసియేషన్ కోరిక మీద ఆ తెడ్ల చక్రాన్నే మళ్లీ తిప్పి ఆఖరి కొలత అచ్చువేశాడు: 772.55.

1889 ఆగస్టు చివర్లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ శక్తి కొలతకి జూల్ పేరు ఖాయం చేసింది. ఆరు వారాల తర్వాత, అక్టోబర్ 11న, మాంచెస్టర్ దగ్గరి సేల్‌లోని ఇంట్లో జూల్ కన్నుమూశాడు. మాంచెస్టర్ టౌన్ హాల్ గుమ్మం దగ్గర ఇప్పుడు రెండు పాలరాతి విగ్రహాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి డాల్టన్‌ది, రెండోది అతని శిష్యుడిది.

సేల్‌లోని బ్రూక్‌లాండ్స్ శ్మశానంలో అతని సమాధి రాయి మీద ఒక అంకె చెక్కి ఉంటుంది, 772.55 అని. మన పుస్తకాల్లో ఇవాళ ఉన్న విలువ 778. తేడా నూటికి ఒకటి కూడా లేదు. ఆ కాస్త తేడా కూడా చాలావరకు పాదరసం థర్మామీటర్ల స్కేలు వల్ల వచ్చిందని 1879 ప్రాంతంలో అమెరికాలో హెన్రీ రోలాండ్ మళ్లీ కొలిచి చూపించాడు.